సీసా నిండా కెనడా పెన్నీలు: వీటిలో అరుదైనది ఏది?

మా పిన్ని కెనడాలోని మిస్సిసాగాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తూ ఒక పెద్ద సీసాలో ఆవకాయ పట్టుకెళ్ళింది. ఆరు నెలల తర్వాత అదే సీసా నిండా పెన్నీలు పోసుకుని తిరిగివచ్చింది. అల్లుడిగారి సొరుగుల్లో ఏళ్ళ తరబడి మూలుగుతున్న చిల్లర అది. అక్కడ దాన్ని అడిగేవాళ్ళు లేరు, పారేయడానికి ఈవిడకు మనసొప్పలేదు. అంతవరకు బాగానే ఉంది. "ఈ ఒక్క పెన్నీ మీ దగ్గర ఉంటే లక్షాధికారులే" అని ఎవరో చెప్పిన వీడియో ఫోనులో చూసినప్పటి నుంచి ఆవిడకు కుదురు లేకుండా పోయింది. మా ఇళ్ళలో నాణేల పిచ్చి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చూసిపెట్టు నాయనా, ఒకటైనా ఉండకపోదు" అంది.

ఉండకపోదు అనే ఆశే ఈ సరదాకు ప్రాణం. కాకపోతే దేన్ని వెతకాలో తెలియకుండా వెతికితే సీసా మొత్తం తిరగేసినా చేతికి రాగి వాసన తప్ప ఏమీ మిగలదు.

కెనడా వాళ్ళ ఒక సెంటు నాణేన్నే అక్కడి జనం పెన్నీ అంటారు. 1858లో పుట్టింది. అప్పట్లో అంగుళం వెడల్పు ఉండేది. 1920లో చిన్నదైంది. 1937 నుంచి బొరుసు వైపు రెండు మేపుల్ ఆకులున్న రెమ్మ కనిపిస్తుంది. చెక్కినది క్రూగర్ గ్రే అనే ఆంగ్లేయ శిల్పి. మేపుల్ చెట్టుకు ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి. నాణెం మీద మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, కాస్త ఎగుడు దిగుడుగా ఉంటాయి. వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు ఎంత సణిగినా ఆ రెమ్మ చివరిదాకా అలాగే ఉండిపోయింది. మధ్యలో 1967లో మాత్రం దేశం నూరేళ్ళ పండుగకు అలెక్స్ కోల్‌విల్ గీసిన పావురం ఎగిరింది. ఒక సెంటు నాణెం చేయడానికి 1.6 సెంట్లు ఖర్చవుతున్నాయని లెక్క తేలాక, 2012 మే 4న వినిపెగ్ టంకశాలలో అప్పటి ఆర్థికమంత్రి జిమ్ ఫ్లాహర్టీ చివరి పెన్నీని అచ్చు వేశారు. 2013 ఫిబ్రవరి 4 నుంచి బ్యాంకులకు పంపడం కూడా ఆపేశారు. నగదు బిల్లులను దగ్గరి అయిదు సెంట్లకు సర్దుకుంటున్నారు. చట్టం ప్రకారం పెన్నీ ఇప్పటికీ చెల్లుతుంది, కానీ కొట్టువాడి ముఖం చెల్లనివ్వదు.

ఇక అసలు విషయం. పాత నాణెం అనగానే అందరూ ముందు చూసేది సంవత్సరం. కెనడా పెన్నీ విషయంలో అది దాదాపు పనికిరాని గుర్తు. 1950ల తర్వాత వచ్చిన ప్రతి సంవత్సరపు పెన్నీలూ కోట్ల సంఖ్యలో పడ్డాయి. అందువల్ల సంవత్సరం ఒక్కటే చూసి వాటిలో ఏ పెన్నీనీ అరుదైనదని అనలేం. అరుదుదనం జతలో ఉంటుంది. ఫలానా సంవత్సరానికి ఫలానా బొమ్మ, ఫలానా లోహానికి ఫలానా గుర్తు రావాలని ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పిన జత ఎక్కడైనా కనిపిస్తే అదే అరుదు. లెక్క ఎప్పుడు తప్పుతుంది? టంకశాల ఒక పద్ధతి వదిలి ఇంకో పద్ధతిలోకి మారే నెలల్లో. నాణెం మీది ఎలిజబెత్ రాణి బొమ్మ మారినప్పుడు, లోహం మారినప్పుడు, గుర్తు మారినప్పుడు పాత సామగ్రి, కొత్త సామగ్రి ఒకే కప్పు కింద ఉంటాయి. ఏదో ఒక పూట అవి కలిసిపోతాయి. అందుకని సీసాలో సంవత్సరాలను కాదు, ఆ మార్పులు జరిగిన సందులను వెతకాలి.

రకం వేరు, పొరపాటు వేరు

నాణేన్ని అచ్చు వేసే తీరు తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. ఒక మూలబొమ్మ నుంచి ఉక్కు అచ్చులు చాలా తయారుచేస్తారు. ఒక్కో అచ్చు అరిగిపోయేలోపు లక్షల ఖాళీ లోహపు బిళ్ళలను కొడుతుంది. మూలబొమ్మలోనో అచ్చులోనో చిన్న తేడా ఉంటే, ఆ అచ్చు కింద పడిన ప్రతి నాణెం మీదా అదే తేడా, అదే చోట, అదే ఆకారంలో వస్తుంది. దాన్ని రకం అంటాం. అలా కాక బిళ్ళ పక్కకు జరిగి బొమ్మ సగమే పడడం, బిళ్ళ అంచు తెగి ఉండడం లాంటివి ఆ ఒక్క నాణేనికి జరిగిన ప్రమాదాలు. అవి పొరపాట్లు. రెంటికీ గిరాకీ ఉంది కానీ రెంటినీ కొలిచే తూనిక వేరు. రకానికి సేకర్తల జాబితాలో పేరు ఉంటుంది, కాబట్టి ధర ఒక మోస్తరుగా నిలకడగా ఉంటుంది. పొరపాటుకు ఆ రోజు కొనేవాడి మనసే ధర.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. రకం అయినంత మాత్రాన అరుదు కాదు. 1981 పెన్నీలో 1 అంకె మొనదేలినవీ ఉన్నాయి, మొద్దుగా ఉన్నవీ ఉన్నాయి. 1983లో అక్షరాలు అంచు పూసలకు, అంటే అంచు చుట్టూ ఉండే చుక్కల వరుసకు, దగ్గరగా ఉన్నవీ, దూరంగా ఉన్నవీ ఉన్నాయి. సరదాగా జత చేసి పెట్టుకోవచ్చు, అంతకు మించి వాటితో ఇల్లు కట్టలేం.

ముందు అయస్కాంతం

సీసాను పాత పేపరు మీద బోర్లించి నేను మొదట చేసింది చేత్తో తడమడం. పన్నెండు పలకలున్నవి వేలికే తెలిసిపోతాయి. చూపు సరిగా లేనివారు గుర్తుపట్టడానికి వీలుగా 1982 నుంచి 1996 వరకు పెన్నీకి పన్నెండు అంచులు పెట్టారు. వాటిని పక్కకు తీస్తే గుండ్రటివి మిగులుతాయి: 1981 వరకు వచ్చినవీ, 1997 నుంచి వచ్చినవీ. ఈ రెంటినీ బరువు విడదీస్తుంది. 1979 వరకు ఈ చిన్న పెన్నీ 3.24 గ్రాములు తూగేది. 1980లో 2.8 గ్రాములకు తగ్గించారు. పలకల పెన్నీ 2.5 గ్రాములు. ఇవన్నీ నూటికి 95 పాళ్ళకు పైగా రాగి. 1997 నుంచి లోపల జింకు, పైన పలుచటి రాగి పూత; బరువు 2.25 గ్రాములు. ఆ తర్వాత ఉక్కు బిళ్ళ మీద రాగి పూత వేసిన రకం వచ్చింది, అది 2.35 గ్రాములు.

1996 వరకు వచ్చిన పెన్నీల్లోని రాగి విలువే ఇవాళ ఒక సెంటు కంటే ఎక్కువ. ఏనుగు చచ్చినా వెయ్యే అన్నట్టు, వాటికి కరిగించినా ధర ఉంది. కాకపోతే అనుమతి పత్రం లేకుండా చలామణి నాణేన్ని కరిగించడం కెనడా చట్టం ప్రకారం నేరం. పిన్నికి ఈ రెండో సంగతి ముందుగా చెప్పాను.

జింకు పెన్నీకీ ఉక్కు పెన్నీకీ తేడా కంటికి ఆనదు. బరువులో తేడా గ్రాములో పదో వంతు మాత్రమే, వంటింటి త్రాసుకు అందేది కాదు. తేల్చేది అయస్కాంతం. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ వెనక ఉండేదైనా చాలు. ఉక్కు పెన్నీ గభాలున అతుక్కుంటుంది, జింకుది కదలదు. రాగి పూత వేసిన ఉక్కు బిళ్ళలు వాడటం మొదలుపెట్టినప్పుడు టంకశాల వాటిని గుర్తుపట్టడానికి రాణి మెడ కింద చిన్న "పి" అక్షరం చెక్కింది. ప్లేటెడ్, అంటే పూత వేసినది అని దాని అర్థం. 1999 సంవత్సరపు "పి" పెన్నీలు చలామణికి కాదు, నాణేలు వేసి వాడే యంత్రాల వ్యాపారులు పరీక్షించుకోవడానికి ఇచ్చిన సెట్లలోవి. అవి సీసాలో దొరికితే అదృష్టమే. ఆ తర్వాత కొన్నేళ్ళకు "పి" పెన్నీ మామూలు చిల్లర అయిపోయింది. అయితే జింకు బిళ్ళలను మానలేదు. రెండూ పక్కపక్కనే నడిచాయి. "పి" ఉంటే ఉక్కు, లేకపోతే జింకు. లెక్క సూటిగా ఉంది.

2006లో ఆ లెక్క చిక్కుపడింది. ఆ ఏడాది మధ్యలో "పి" తీసేసి, ఆ స్థానంలో టంకశాల తన సొంత చిహ్నాన్ని, అంటే గుండ్రటి వలయంలో ఇమిడిన చిన్న ముద్రను పెట్టింది. ఈ చిహ్నానికి లోహంతో పని లేదు. ఉక్కు మీదా వేశారు, జింకు మీదా వేశారు. కాబట్టి 2006 పెన్నీ మెడ కింద మూడు రకాలుగా ఉండవచ్చు: "పి" ఉండవచ్చు, చిహ్నం ఉండవచ్చు, ఖాళీగా ఉండవచ్చు. "పి" ఉండి అయస్కాంతానికి అంటుకుంటే మామూలే. చిహ్నం ఉన్నది అంటుకున్నా, అంటుకోకపోయినా పెద్ద విశేషం లేదు. మెడ కింద ఖాళీగా ఉండి, అయస్కాంతానికి అంటుకోకపోతే అదీ మామూలే, జింకు బిళ్ళకు రావలసిన అచ్చే వచ్చింది.

మిగిలినది ఒక్కటి. మెడ కింద "పి" లేదు, చిహ్నం లేదు, అయినా అయస్కాంతానికి గట్టిగా అంటుకుంది. జింకు బిళ్ళల కోసం బిగించిన అచ్చు కిందికి ఉక్కు బిళ్ళలు వచ్చి పడ్డాయన్నమాట. ఈ జత రాకూడదు. ఆధునిక పెన్నీల్లో సేకర్తలు కళ్ళకు వత్తులు వేసుకుని వెతికేది దీన్నే. మంచి స్థితిలో ఉన్నదానికి వందల డాలర్లు ఇస్తారు. ఇంత విలువైన నాణేన్ని గుర్తుపట్టడానికి భూతద్దం కూడా అక్కర్లేదు. సంవత్సరం చదవడం, మెడ కింద చూడడం, అయస్కాంతం ఆనించడం. నా దృష్టిలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం లేదు, ఎందుకంటే ఇందులో ఊహకు తావు లేదు.

తావు లేదు అన్నాను కానీ ఒక మెలిక ఉంది. అచ్చులోని గుంటలు జిడ్డుతో, లోహపు పొడితో పూడుకుపోతే అక్షరం సగమే పడుతుంది, కొన్నిసార్లు అసలు పడదు. అలా "పి" మాయమైన ఉక్కు పెన్నీ కూడా పైకి ఈ అరుదైన దానిలాగే కనిపిస్తుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పట్టి, దీపాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఆ చోటును నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. నిలువు గీత మొదలో, వంపు నీడో కనిపించిందంటే అది పూడుకుపోయిన అచ్చు తప్ప మరేమీ కాదు. గీకిన జాడ కనిపిస్తే ఇంకా జాగ్రత్త, ఎవరో పనిగట్టుకుని "పి"ని చెరిపారని అర్థం.

రాణి భుజం మీది మడత

ఇప్పుడు యాభై ఏళ్ళు వెనక్కి. 1953లో ఎలిజబెత్ రాణి బొమ్మతో మొదటి నాణేలు వచ్చాయి. బొమ్మ మేరీ గిలిక్ అనే శిల్పి చేసినది. మూలంలో రాణి భుజం మీద వస్త్రపు మడత ఉంది, కానీ అది అచ్చులోకి సరిగా దిగలేదు. నాణెం మీద భుజం నున్నగా, బట్ట లేనట్టు పడింది. ఒట్టావా టంకశాలలోని చెక్కడం నిపుణుడు థామస్ షింగిల్స్ ఆ భాగాన్ని మళ్ళీ లోతుగా చెక్కి మడతను తేల్చాడు. ఈ కథ చెబితే పిన్ని ఒక్క మాటలో అర్థం చేసుకుంది: "మొదట పైట సరిగ్గా పడలేదు, తర్వాత సర్దారు, అంతేనా?" అంతే.

అయితే విలువ ఎటు తిరిగిందో చూడండి. 1953లో మడత లేని బొమ్మే ఎక్కువగా పడింది, మడత ఉన్నది తక్కువ. 1954లో చలామణికి వచ్చినవన్నీ మడత ఉన్నవి. మడత లేనివి సేకర్తల కోసం మెరుగుపెట్టి అమ్మిన సెట్లలో మాత్రమే కనిపిస్తాయి. 1955 నాటికి పాత అచ్చు పని ముగిసిపోవాలి. ముగియలేదు. ఎక్కడో మిగిలిన పాత అచ్చు యంత్రంలోకి వెళ్ళింది, మడత లేని పెన్నీలు కొన్ని జనంలోకి వచ్చాయి. రెండేళ్ళ క్రితం అందరి జేబులో ఉన్న బొమ్మ 1955 అంకె పక్కన కనిపించేసరికి వందల డాలర్ల సరుకు అయింది. అరగని వాటికైతే అంతకు చాలా ఎక్కువ.

దీన్ని పట్టుకోవడంలో ఒక కిటుకు ఉంది. చాలామంది 1955 పెన్నీ తీసి భుజం వైపే చూస్తారు. ఆ భుజం నాణెంలో బాగా అరిగే చోట్లలో ఒకటి. పదిహేనేళ్ళు జేబుల్లో తిరిగిన నాణెం మీద మడత ఉన్నా అరిగి నున్నగా అయిపోతుంది. అందుకే ప్రతి అరిగిన 1955 పెన్నీ ఎవరో ఒకరికి అరుదైనదిగా కనిపిస్తుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. నిజం చెప్పేవి అక్షరాలు. రాణి తల చుట్టూ లాటిన్ మాటలున్నాయి: ఎలిజబెత్, రెండు రోమన్ ఒకట్లు, డీఈఐ, గ్రాషియా, రెజీనా. వీటిలో నిలువు గీతలాంటి "ఐ" అక్షరాన్ని పట్టుకోండి. మడత లేని బొమ్మలో ఆ గీత నడుము సన్నగా ఉండి, పైనా కిందా కొనలు విచ్చుకుంటాయి, డమరుకాన్ని సన్నగా లాగితే ఎలా ఉంటుందో అలా. మడత ఉన్న బొమ్మలో అదే గీత పైనుంచి కింది దాకా ఒకే మందంతో తిన్నగా దిగుతుంది. భుజం అరిగినా అక్షరాలు అంచు నీడన ఉండడం వల్ల చాలాకాలం నిలుస్తాయి. చేతిలో ఒక 1953 పెన్నీ, ఒక 1960 పెన్నీ పక్కపక్కన పెట్టుకుని ఆ రెండు రకాల గీతలను ఒకసారి చూస్తే చాలు, కన్ను మరిచిపోదు.

సీసాలో 1955 పెన్నీలు ఏడు దొరికాయి. ఏడింటిలోనూ గీతలు తిన్నగానే ఉన్నాయి.

పూసలూ అంకెల కొనలూ

1965లో రాణి బొమ్మ మళ్ళీ మారింది. ఆర్నాల్డ్ మేచిన్ చేసిన కొత్త బొమ్మలో తల మీద టియారా అనే రత్నాల తలపట్టీ ఉంటుంది. ఆ మార్పు ఏడాదిలో నాణెం అంచు చుట్టూ ఉండే చుక్కల వరుస, సేకర్తలు పూసలు అనేది, రెండు రకాలుగా పడింది: చిన్న పూసలు, పెద్ద పూసలు. బొరుసు వైపు 1965లోని 5 అంకె కూడా రెండు రకాలు: కొన మొనదేలినది, మొద్దుగా ఉన్నది. రెండు బొమ్మలు, రెండు బొరుసులు, మొత్తం నాలుగు జతలు. నాలుగూ ఉన్నాయి. మొద్దు 5 ఉన్న రెండు జతలూ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. చిన్న పూసలతో మొనదేలిన 5 కాస్త తక్కువ. పెద్ద పూసలతో మొనదేలిన 5 మాత్రం అరుదు; కొత్తదనం చెడకుండా ఉంటే పదుల డాలర్లు పలుకుతుంది.

పూస చిన్నదో పెద్దదో ఒక్క నాణేన్ని చూసి చెప్పడం కష్టం. దేనితో పోల్చి చిన్నది? అందుకే సేకర్తలు పూసల సైజు కొలవరు. రెజీనా అనే మాటలో చివరనున్న "ఎ" అక్షరం శిఖరం ఎటు చూస్తోందో చూస్తారు. శిఖరం సరిగ్గా ఒక పూస మీదికి గురిపెట్టినట్టుంటే చిన్న పూసల రకం, రెండు పూసల మధ్య ఖాళీకి గురిపెడితే పెద్ద పూసల రకం. ఇలాంటి గుర్తులు నాకు చాలా ఇష్టం. ఎంత పెద్దది, ఎంత మందం అని అడిగితే కంటికో జవాబు వస్తుంది. ఎటు చూస్తోంది అని అడిగితే అందరికీ ఒకటే జవాబు.

అంకె కొన విషయంలో అంత సుఖం లేదు. మొద్దుగా ఉన్న అచ్చు కొత్తలో కాస్త పదునుగా కనిపిస్తుంది, పదునైనది అరిగాక మొద్దుబారుతుంది. కాబట్టి కనీసం పది పన్నెండు 1965 పెన్నీలు వరుసగా పేర్చి చూడాలి. అవి ఎక్కువగా మామూలు రకమే అయి ఉంటాయి కాబట్టి, వేరుగా ఉన్నది ఒకటుంటే వరుసలో తనే బయటపడుతుంది. ఈ వరుస పద్ధతి పన్నెండు పలకల కుప్పలో 1985 పెన్నీలకూ పనికొస్తుంది. అక్కడా 5 అంకె మొనదేలినది తక్కువగా దొరుకుతుంది, మొద్దుగా ఉన్నది మామూలు. 1985ది ఏ దుకాణంలోనైనా చిల్లరగా తిరిగిన నాణెం, ఇప్పటికీ డబ్బాల్లో, సొరుగుల్లో పడి ఉన్నది. ఎవరూ చూడకుండా వదిలేసేవి ఎక్కువ కాబట్టి దొరికే అవకాశమూ ఎక్కువ.

2003లోనూ బొమ్మ మారింది. అంతకు ముందు 1990 నుంచి డోరా డి పెడరీ హంట్ చేసిన కిరీటం బొమ్మ, 2003లో సుసానా బ్లంట్ చేసిన కిరీటం లేని బొమ్మ. ఆ ఏడాది పాత తల, కొత్త తల, "పి" ఉన్నవి, లేనివి అన్నీ కలగాపులగంగా వచ్చాయి. సందు అయితే పెద్దదే, కానీ చిల్లరలో దొరికే ఆ జతలకు చెప్పుకోదగ్గ ధర లేదు. మార్పు జరిగిన చోటల్లా నిధి ఉండదు.

మన స్వాతంత్ర్యం, వాళ్ళ ఆకు

పిన్ని సీసా అడుగున నల్లబడిన పెన్నీ ఒకటి దొరికింది. 1947. అంకె పక్కన గసగసాల గింజంత మేపుల్ ఆకు. నా మటుకు నాకు ఆ సీసాలో అన్నింటికంటే విలువైనది అదే, ధర మాత్రం ఏమీ లేదు.

అప్పటి కెనడా నాణేల మీద ఆరో జార్జి రాజు తల చుట్టూ ఉన్న బిరుదుల చివర "ఇండ్ ఇంప్" అనే పొడి అక్షరాలు ఉండేవి. భారతదేశ చక్రవర్తి అని వాటికి అర్థం. 1947 ఆగస్టులో మనకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ బిరుదు ఉండడానికి వీల్లేదు. దాన్ని తీసేసిన కొత్త అచ్చుసామగ్రి లండన్ నుంచి రావాలి. రావడం ఆలస్యమైంది. 1948 వచ్చేసింది, దేశంలో చిల్లర కావాలి. ఒట్టావా టంకశాల పాత బిరుదు ఉన్న 1947 అచ్చులనే వాడుతూ, ఇది 1948లో కొట్టినదని తెలియడానికి అంకె పక్కన చిన్న ఆకు చెక్కింది. అంటే గుంటూరులోనో వరంగల్లులోనో జనం జెండా పండుగ చేసుకున్న మరుసటి ఏడాది కూడా కెనడా నాణెం మీద ఒక రాజుగారు మన చక్రవర్తిగా కొనసాగారు. ఆకు పెన్నీలు కోట్లలో పడ్డాయి కాబట్టి ధర లేదు. ఇందులోనూ 7 అంకె మొనదేలినది, మొద్దుగా ఉన్నది అని రెండు రకాలున్నాయి, ఓపిక ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. ఈ ఆలస్యం దెబ్బ గట్టిగా తగిలింది వెండి డాలరుకు. కొత్త అచ్చులు వచ్చేసరికి సమయం మించిపోయి 1948 డాలర్లు 18,780 మాత్రమే పడ్డాయి. అవి ఇవాళ కెనడా నాణేల్లో పేరుమోసిన అరుదైనవి.

ఇలాంటి ఆలస్యమే అంతకు పదేళ్ళ ముందు ఒకటి జరిగింది. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 డిసెంబరులో సింహాసనం వదిలేయడంతో ఆయన బొమ్మతో నాణేలు వేయాలన్న ఏర్పాటు వృథా అయింది. తమ్ముడు ఆరో జార్జి బొమ్మ తయారయ్యేదాకా 1936 అచ్చులకే అంకె కింద ఒక చుక్క పెట్టి 1937 మొదట్లో వాడారు. చుక్క ఉన్న పెన్నీలు లోకంలో మూడే ఉన్నాయని తెలుసు. మూడూ ఒకప్పుడు జాన్ పిట్‌మన్ అనే ఒకే సేకర్త దగ్గర ఉండేవి. వాటిలో ఒకటి 2010లో వేలంలో 4,02,500 అమెరికా డాలర్లకు పోయింది. వీడియోలో పిన్ని చూసిన లక్షాధికారి పెన్నీ ఇదే. మూడింటి ఆచూకీ ఎవరెవరికి తెలియాలో వారికి తెలుసు. నాలుగోది ఆవకాయ సీసాలో దొరికే అవకాశం గురించి ఆవిడతో వాదించలేదు. చుక్కలాంటిది ఏది కనిపించినా అది మురికి మచ్చో, ఎవరో సుత్తీ మేకుతో పెట్టిన చుక్కో అని మాత్రం చెప్పాను.

కన్ను మోసపోయే చోట్లు

ఫోనులో ఎక్కువగా తిరిగే ఇంకో మాట, అక్షరాలు రెండుగా కనిపిస్తే అరుదైన నాణెమని. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు కాస్త పక్కకు పడితే నిజమైన జంట ముద్ర వస్తుంది. అందులో రెండో అక్షరానికి కూడా నిండైన గుండ్రటి శరీరం ఉంటుంది, రెంటి మధ్య చిన్న చీలిక కనిపిస్తుంది. దానికి విలువ ఉంది. ఎక్కువగా కనిపించేది అది కాదు. నాణెం కొట్టే క్షణంలో అచ్చు వదులుగా ఉండి అదిరితే అక్షరం పక్కన మెట్టులాంటి చదునైన అంచు పడుతుంది. చదునుగా, మెరుస్తూ, అక్షరాన్ని కొరికి చేసినట్టు ఉంటుంది. ఇది వేలల్లో దొరుకుతుంది, చిల్లిగవ్వ చేయదు. జింకు పెన్నీల మీద రాగి పూత బుడగలు కట్టి లేస్తుంది. అవీ అరుదు కావు, పూత నాణ్యత అంతే.

నాణేలను కడగడం ఇంకో పెద్ద పొరపాటు. రాగి చెంబు కనిపిస్తే చింతపండు పెట్టి తోమడం మన చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. పిన్ని అప్పటికే పాతిక పెన్నీలను చింతపండుతో తళతళలాడించి పెట్టింది. చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి. చింతపండు పులుపు రాగి పైపొరను తినేస్తుంది, అచ్చు దెబ్బకు లోహం మీద ఏర్పడిన సన్నని మెరుపు గీతలు దాంతో పోతాయి. సేకర్త నాణేన్ని దీపం కింద తిప్పినప్పుడు ఆ మెరుపు చక్రంలా తిరగాలి. తోమిన నాణెం మీద అది తిరగదు, ఒకే రకంగా గులాబీ రంగులో చప్పగా మెరుస్తుంది. గోధుమ రంగుకు తిరిగినా తోమని నాణేనికి ఉన్న గౌరవం తోమిన దానికి ఉండదు. నూనె జిడ్డు తప్పదు అనుకుంటే శుద్ధమైన ఎసిటోన్‌లో ముంచి రుద్దకుండా ఆరనివ్వడమే పద్ధతి, అదీ పొయ్యికి దూరంగా. ఆవకాయ సీసా నాణేలకు అది తప్పలేదు.

ధర విషయంలో స్థితికి ఉన్న బరువు చాలామంది ఊహించరు. నిపుణులు నాణేన్ని 1 నుంచి 70 వరకు అంకెలు వేసి కొలుస్తారు. 60, ఆపైన వచ్చినవి చలామణిలో తిరగనివి. రాగి నాణేలకు దానితోపాటు రంగు కూడా చూస్తారు: ఎరుపు నిలిచినది, సగం మారినది, పూర్తిగా గోధుమ. ఒకే రకం పెన్నీ రెండు అంకెల తేడాతో పది రెట్లు ధర మారవచ్చు. వీడియోల్లో చెప్పే ధర ఎప్పుడూ పై చివరిది, సీసాలో ఉండేది ఎప్పుడూ కింది చివరిది. పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సంస్థలున్నాయి కానీ వాటి రుసుము చాలా రకాల ధరకంటే ఎక్కువ. 1955 మడత లేనిది, 2006 అయస్కాంతం పెన్నీ లాంటివి దొరికితేనే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

మూడు సాయంత్రాల్లో సీసా అయిపోయింది. 2006 పెన్నీలు పద్దెనిమిది. పదిహేడు లెక్క ప్రకారమే ఉన్నాయి. పద్దెనిమిదోది అయస్కాంతానికి అంటుకుంది, మెడ కింద ఏమీ కనిపించలేదు. పిన్ని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. దీపం పక్కకు తిప్పి భూతద్దంలోంచి చూస్తే, నున్నటి లోహం మీద వెంట్రుకంత సన్నగా ఒక వంపు. "పి" కడుపు. అచ్చు పూడుకుపోయినదే. ఆవిడకూ చూపించాను. చాలాసేపు చూసి, "ఉంది ఉంది, నెలవంకలాగా" అని భూతద్దం తిరిగి ఇచ్చింది.

తర్వాత లేచి వెళ్ళి మిస్సిసాగాకు ఫోను చేసింది. కారులో చిల్లర పడేసే అరలో, పాత కోటు జేబుల్లో చూడమని కూతురికి చెప్పడం వినిపించింది. సంవత్సరం 2006 అని చెప్పింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకోమంది. మెడ కింద ఏమీ ఉండకూడదు, ఉందేమో దీపం పక్కన పెట్టి చూడాలి, చింతపండు మాత్రం ముట్టించవద్దు అని రెండుసార్లు చెప్పింది. ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చి సీసా ఖాళీ చేసి ఇమ్మంది. వచ్చే నెల ప్రయాణానికి మాగాయ పెట్టాలట.